సైలెన్సర్‌లోని జాలీ, ట్యూబ్‌లైట్‌లోని ప్లాస్మా: ఈ రెంటికీ సంబంధం ఏంటి?

అమలాపురం, రాజోలు, కొత్తపేట. ఈ మూడింట్లో ఏ ఊళ్లో అయినా మెకానిక్ షెడ్డు దగ్గర ఓ పూట కూర్చుంటే ఈ మాట చెవిన పడకుండా ఉండదు. "భాయ్, బండి లాగట్లేదు. మైలేజీ కూడా పడిపోయింది." దానికి షెడ్డులోంచి వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే. "సైలెన్సర్‌లో జాలీ మూసుకుపోయిందండి. కొత్తది వేయించాలంటే చాలా అవుద్ది. కోసేసి లోపలిది తీసేద్దాం, బండి ఫ్రీ అయిపోద్ది."

చాలామంది సరే అంటారు. అనక ఏం చేస్తారు? మన కుటుంబాల్లో ఎంతోమంది రోజీ ఆటో మీదో, కొబ్బరికాయలు తోలే చిన్న వ్యాను మీదో, టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు మీదో నడుస్తోంది. బండి రెండు రోజులు ఆగితే ఇంట్లో పొయ్యి మీద తేడా తెలిసిపోతుంది. అందుకే ఆ జాలీ ఒక దండగ వస్తువు, గవర్నమెంటు బలవంతంగా పెట్టించిన అడ్డంకి అనే అభిప్రాయం స్థిరపడిపోయింది.

నిజానికి బండి మొత్తంలో అత్యంత విలువైన లోహం ఉండేది ఆ జాలీలోనే. దాన్ని ఇంకా చవగ్గా, ఇంకా గట్టిగా తయారు చేయడానికి ప్రపంచంలో కొన్ని ల్యాబుల్లో ఒక వింత పద్ధతి నడుస్తోంది. బట్టీలో కాల్చడానికి ముందే, ట్యూబ్‌లైట్‌లో వెలిగే వెలుతురు లాంటి దానిలో ఆ పదార్థాన్ని కాసేపు ఉంచుతారు. దాని పేరు ప్లాస్మా. హైదరాబాద్‌లోనూ దీనికి దగ్గర చుట్టమైన పరిశోధన ఏళ్లుగా జరుగుతోంది. అదేంటో అర్థం కావాలంటే ముందు జాలీ సంగతి తేల్చుకోవాలి.

జాలీ చేసే పని

మెకానిక్‌లు జాలీ అనేదాన్ని కంపెనీ వాళ్లు క్యాటలిటిక్ కన్వర్టర్ అంటారు. కోసి చూస్తే తేనెపట్టులా సన్నటి గదులు కనబడతాయి. ఇంజన్‌లోంచి వచ్చే పొగ ఆ గదుల్లోంచి దూరి బయటికి పోవాలి. పొగలో ముఖ్యంగా మూడు చెడ్డ సరుకులు ఉంటాయి. ఒకటి కార్బన్ మోనాక్సైడ్. వాసన రాదు, రంగు ఉండదు, రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన సీట్లో తాను కూర్చుంటుంది. రెండోది సరిగా కాలని ఇంధనం. మూడోది నైట్రోజన్ ఆక్సైడ్లు. పిల్లల ఊపిరితిత్తులకు, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లకు ఇది పగ పట్టినట్టే ఉంటుంది.

తేనెపట్టు గదుల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే లోహాలు కంటికి కనబడనంత సన్నగా అంటించి ఉంటాయి. ఇవే క్యాటలిస్టులు. పదో తరగతి పుస్తకంలో చదువుకున్న ఉత్ప్రేరకం అంటే ఇదే. సంబంధాలు కుదిర్చే పెద్దమనిషి రెండు కుటుంబాలను కూర్చోబెట్టి, మాట కలిపి, నిఖా అయ్యాక తన దారిన ఇంకో సంబంధానికి వెళ్లిపోతాడు కదా. ఇదీ అంతే. కార్బన్ మోనాక్సైడ్‌ను, ఆక్సిజన్‌ను తన మీద కూర్చోబెట్టి కలుపుతుంది, కార్బన్ డయాక్సైడ్‌గా పంపించేస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్‌ను విడగొట్టి మామూలు నైట్రోజన్‌గా మారుస్తుంది. తాను ఖర్చవదు. అందుకే కొన్ని గ్రాముల లోహం బండి వేల కిలోమీటర్లు తిరిగినా పని చేస్తూనే ఉంటుంది.

కన్వర్టర్ ఆలోచనకు మూలపురుషుడు యూజీన్ హూడ్రీ అనే ఫ్రెంచి ఇంజనీరు. 1950ల్లో అమెరికాలో దీని మీద పని చేశాడు. అప్పట్లో పెట్రోల్‌లో సీసం కలిపేవాళ్లు కాబట్టి ఆయన వస్తువు రోడ్డు మీద నిలబడలేదు. సీసం ఆ లోహాలకు విషం, మీద పేరుకుపోయి పని ఆపేస్తుంది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేశారు, దాంతోపాటే సీసం లేని పెట్రోల్ తెచ్చారు. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం పెట్రోల్ ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఆటోలు, బైకులు సహా కొత్త బండ్లన్నిటి పొగ మీదా లెక్క కఠినమైంది. కొత్త డీజిల్ లారీ నడిపేవాళ్లకు యూరియా నీళ్లు పోయించే తిప్పలు కూడా అప్పుడే అలవాటయ్యాయి. అక్కడా పని చేసేది క్యాటలిస్టే, రకం వేరు.

పూతరేకుల లెక్క

ఇక్కడ అసలు సంగతి ఒకటుంది. క్యాటలిస్టులో ఎంత బరువు లోహం ఉందనేది రెండో ప్రశ్న. అది ఎంత విస్తీర్ణంలో పరుచుకుని ఉందనేదే మొదటి ప్రశ్న. ఎందుకంటే పొగ తగిలేది లోహం పై పొరకే. లోపల దాక్కున్న లోహం ఉన్నా లేనట్టే.

దీన్ని కోనసీమ వాళ్లకు ఇంకొకరు చెప్పాలా? కొత్తపేటకు పక్కనే ఉన్న ఆత్రేయపురంలో పూతరేకులు ఎలా చేస్తారో అందరికీ తెలుసు. పలుచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, వేడి కుండ మీద ఒక్కసారి అలా లాగితే కాగితం కన్నా పల్చటి రేకు వస్తుంది. గుప్పెడు బియ్యం ముద్దగా వండితే ఒక ముద్ద. అవే బియ్యం రేకులుగా లాగితే పళ్లెం నిండిపోతుంది. బియ్యం అంతే, విస్తీర్ణం వేరు.

లోహంతో అదే లెక్క వేద్దాం. ఒక్కో వైపు ఒక సెంటీమీటరు ఉండే చిన్న ఘనం, అంటే సుమారుగా ఒక చక్కెర బిళ్లంత లోహం తీసుకుంటే దాని పైభాగం మొత్తం 6 చదరపు సెంటీమీటర్లు. తపాలా బిళ్లంత. అదే లోహాన్ని ఒక్కో వైపు ఒక నానోమీటరు ఉండే ముక్కలుగా కోస్తే, అంటే సెంటీమీటరులో కోటో వంతు, అన్ని ముక్కల పైభాగం కలిపి 6,000 చదరపు మీటర్లు అవుతుంది. మన కొలతలో ఎకరంన్నర. ముక్క సైజు 5 నానోమీటర్లయితే 30 సెంట్లకు పడిపోతుంది. 10 నానోమీటర్లయితే 15 సెంట్లే. కొన్నది అదే లోహం, కట్టిన డబ్బూ అంతే. చేతికొచ్చిన నేల ఎకరంన్నరా, 15 సెంట్లా అనేది తయారీలోనే తేలిపోతుంది.

ఆ డబ్బు కూడా చిన్నది కాదు. 2022 మార్చిలో రష్యా-ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొత్తల్లో పల్లాడియం ధర ఔన్సుకు 3,000 డాలర్లు దాటింది. ఔన్సు అంటే సుమారు 31 గ్రాములు. రోడియం అంతకుముందు ఏడాది బంగారాన్ని చాలా వెనక్కి నెట్టేసింది. తర్వాత ధరలు దిగాయి, అది వేరే విషయం. ఈ లోహాలు ప్రధానంగా దక్షిణాఫ్రికా, రష్యాల నుంచే రావాలి. అక్కడ గనిలో సమ్మె జరిగినా, యుద్ధం వచ్చినా, ఆ భారం తిరిగి తిరిగి రాజోలులో ఆటో కొనే వాడి ఈఎంఐలో కలుస్తుంది. కొత్త జాలీ ఎందుకంత రేటు అని అడిగేవాళ్లకు సమాధానంలో పెద్ద భాగం ఇదే.

బట్టీలో వచ్చే చిక్కు

మరి అంత సన్నటి ముక్కలు ఎలా చేస్తారు? కత్తితో కోసేది కాదు. పల్లాడియం ఉప్పును నీళ్లలో కరిగించి, ఆ నీటిని అల్యూమినా లాంటి పొడిలో ఇంకిస్తారు. ఆ పొడికి స్పాంజిలా లోపల లెక్కలేనన్ని రంధ్రాలు ఉంటాయి. ఆరబెడతారు. తర్వాత 400 నుంచి 600 డిగ్రీల బట్టీలో గంటల తరబడి కాలుస్తారు. ఆ వేడికి ఉప్పు విడిపోయి లోహం, లేదా దాని ఆక్సైడ్, పొడి గోడలకు అంటుకుని మిగులుతుంది. అవసరమైతే హైడ్రోజన్ వాయువు పంపి దాన్ని స్వచ్ఛమైన లోహంగా మారుస్తారు. పరిశ్రమలో దశాబ్దాలుగా నడుస్తున్న దారి ఇదే, బాగానే నడుస్తోంది కూడా.

చిక్కల్లా వేడితోనే. కోడి పులుసు మీద తేలే నూనె చుక్కల్ని గరిటెతో కదిపి చూడండి. రెండు చిన్న చుక్కలు తగలగానే ఒక పెద్ద చుక్క అయిపోతాయి. బట్టీ వేడిలో లోహపు అణువులు కూడా అలాగే కదులుతాయి, ఒకదాన్నొకటి చేరి గడ్డ కడతాయి. ఎకరంన్నర కాస్తా కరిగిపోతుంది. బండికి బిగించాక కూడా ఈ కథ ఆగదు. పొగ వేడికి ఏళ్ల తరబడి గడ్డ కడుతూనే ఉంటాయి. అందుకే కంపెనీలు ముందుచూపుతో అవసరానికి మించి లోహం వేసి పంపాల్సి వస్తుంది. కొనేవాడు ఆ అదనపు లోహానికి కూడా డబ్బు కడుతున్నాడన్నమాట.

వేడి లేకుండా ఉప్పును విడగొట్టే దారి ఉంటే? ప్లాస్మా వచ్చేది ఇక్కడే.

వేడి లేని నిప్పు

ఘనం, ద్రవం, వాయువు తర్వాత నాలుగో స్థితి ప్లాస్మా. వాయువుకు గట్టిగా కరెంటు పెడితే దాని అణువుల్లోంచి ఎలక్ట్రాన్లు ఊడి బయట తిరుగుతాయి. అలా విడిపోయిన వాయువుకు 1928లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్లాస్మా అని పేరు పెట్టాడు. ఆకాశంలో మెరుపు ప్లాస్మా. వెల్డింగ్ షాపులో కళ్లు మూసుకోమనే ఆ మంట ప్లాస్మా. పాత ట్యూబ్‌లైట్ లోపల వెలిగేదీ ప్లాస్మానే. (రక్తంలోని ప్లాస్మాకు, దీనికి పేరు ఒకటే, మిగతా సంబంధం ఏమీ లేదు. కరోనా రోజుల్లో విన్న ప్లాస్మా థెరపీ వేరు.)

వెల్డింగ్ మంటకు ఇనుము కరుగుతుంది. వెలుగుతున్న ట్యూబ్‌లైట్‌ను చేత్తో పట్టుకుంటే మాత్రం గోరువెచ్చగా ఉంటుంది, అంతే. తేడా ఎక్కడుంది? ట్యూబ్‌లైట్ లోపల ఎలక్ట్రాన్ల వేడి పది వేల డిగ్రీల లెక్కలో ఉంటుంది. కానీ అవి మరీ తేలికైనవి. పనసకాయల గుట్ట మీద ఆవగింజలు ఎంత వేగంగా విసిరినా కాయలు కదలవు కదా, అలాగే ఎలక్ట్రాన్లు వాయువు అణువుల్ని గుద్దినా అణువులు వేడెక్కవు. వాయువు చల్లగా ఉంటుంది, ఎలక్ట్రాన్లు మాత్రం మంటలా ఉంటాయి. దీన్నే చల్లని ప్లాస్మా అంటారు.

చైనాలోని తియాంజిన్ విశ్వవిద్యాలయంలో చాంగ్-జున్ లియు అనే ప్రొఫెసరు, ఆయన బృందం ఈ చల్లని ప్లాస్మాను క్యాటలిస్ట్ తయారీలోకి తెచ్చి చాలా లోతుగా పని చేశారు. పల్లాడియం ఉప్పు ఇంకించి ఆరబెట్టిన పొడిని గాజు గొట్టంలో పెడతారు. గాలి తోడేసి, కొద్దిగా ఆర్గాన్ లాంటి వాయువు వదిలి, ఎక్కువ వోల్టేజీ కరెంటు ఇస్తారు. గొట్టం లోపల వెలుగు వస్తుంది. ఆ వెలుగులోని ఎలక్ట్రాన్లు పొడి మీద పడి ఉప్పు బంధాలను తెంపుతాయి. గంటల పని నిమిషాల్లో జరుగుతుంది. పొడి మాత్రం బట్టీ దరిదాపుల్లోకి కూడా వేడెక్కదు, కాబట్టి లోహపు అణువులకు తిరిగి గడ్డ కట్టే అవకాశం తక్కువ. పొడి మీద చేరిన ఎలక్ట్రాన్ల రుణావేశం లోహపు కణాలను ఒకదాన్నొకటి తోసేసేలా చేస్తుందనేది వాళ్లు ఇచ్చిన ఒక వివరణ. కొన్ని ప్రయోగాల్లో ప్లాస్మా తర్వాత బట్టీలో మామూలుగానే కాల్చారు. అయినా ముందు ప్లాస్మా చూసిన కణాలు పొడిని గట్టిగా పట్టుకున్నాయి, సన్నగానే నిలిచాయి.

కోనసీమ గ్యాస్ దగ్గరికి

ఆ తియాంజిన్ ప్రయోగాల్లో ఒకటి మనకు నేరుగా తగిలేది. 2000ల మొదట్లో వాళ్లు జియోలైట్ అనే పొడి మీద పల్లాడియం వేసి, ప్లాస్మా చూపించి, మీథేన్‌ను కాల్చడానికి వాడారు. మామూలుగా చేసిన పల్లాడియం క్యాటలిస్టు కన్నా ఇది చురుగ్గా పని చేసింది, ఎక్కువసేపు నిలిచింది.

మీథేన్ అంటే కోనసీమలో ఎవరికి తెలియదు? తాటిపాక రిఫైనరీ, పొలాల మధ్య ఓఎన్‌జీసీ బావులు, రాత్రిపూట దూరంగా వెలిగే మంటలు. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకు పైగా ఆరని మంటను చూసిన పెద్దలు ఇంకా చెబుతూనే ఉంటారు. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన తెల్లవారుజాము ఏ కుటుంబమూ మర్చిపోలేదు. ఆ బావుల్లోంచి వచ్చే సహజవాయువులో ప్రధాన భాగం మీథేనే. సీఎన్‌జీ ఆటోలో నింపేదీ అదే.

సీఎన్‌జీ పొగ కంటికి శుభ్రంగా ఉంటుంది, నల్లగా రాదు. అది నిజమే. కానీ ఇంజన్‌లో కాలకుండా తప్పించుకున్న మీథేన్ కొంత ఆ పొగలో ఉంటుంది. అది ముక్కుకు తెలియదు, గొంతు మంట పుట్టించదు. భూమిని వేడెక్కించడంలో మాత్రం వందేళ్ల లెక్కన చూసినా కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు బలమైనది. సముద్రం పక్కనే, అడుగు ఎత్తు తేడాకు చేలు మునిగే డెల్టాలో ఉండేవాళ్లకు ఈ లెక్క దూరపు విషయం కాదు.

తప్పించుకున్న మీథేన్‌ను కన్వర్టర్ పట్టుకోలేదా అంటే, అదే కష్టం. హైడ్రోకార్బన్లన్నిటిలో మీథేన్ మొండిది, దాని బంధం ఓ పట్టాన తెగదు. పెట్రోల్ పొగలోని మిగతా హైడ్రోకార్బన్లు 250-300 డిగ్రీల దగ్గర కాలడం మొదలుపెడితే, మీథేన్‌కు సాధారణంగా 400 దాటాల్సి వస్తుంది. స్టాండులో పది నిమిషాలు ఆగి, బస్టాండు దాకా రెండు కిలోమీటర్లు వెళ్లి మళ్లీ ఆగే షేర్ ఆటో సైలెన్సర్‌లో అంత వేడి ఎంతసేపు నిలుస్తుంది? అందుకే తక్కువ వేడిలో పని మొదలుపెట్టే క్యాటలిస్టు కోసం ఇంత వెతుకులాట. లోహం ఎంత సన్నగా, ఎంత గట్టిగా అంటుకుని ఉంటే అంత త్వరగా పని మొదలవుతుందనే ఆశతోనే ప్లాస్మా వైపు చూస్తున్నారు.

ఇంకో శత్రువు కూడా ఉంది. గంధకం. వంట గ్యాస్ లీకైతే వచ్చే ఆ కుళ్లు వాసన గ్యాస్‌ది కాదు, లీకు తెలియాలని కలిపే మెర్‌క్యాప్టాన్ అనే గంధకపు పదార్థానిది. సీఎన్‌జీకి వాసన వచ్చేదీ అలాంటిది కలపడం వల్లే. ప్రాణాలు కాపాడే ఆ వాసనే పల్లాడియానికి నెమ్మదిగా ఎక్కే విషం. దీనికి ప్లాస్మా దగ్గర పూర్తి మందు లేదు.

హైదరాబాద్‌లో ఏం జరుగుతోంది

ఐఐటీ హైదరాబాద్ 2008లో మొదలైంది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా కందిలో ఉంది. అక్కడి రసాయనశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్ సీహెచ్ సుబ్రహ్మణ్యం బృందం చల్లని ప్లాస్మా మీద చాలా ఏళ్లుగా పని చేస్తోంది. అయితే వాళ్ల దారిలో ఒక తేడా ఉంది, దాన్ని కలిపేయకూడదు. తియాంజిన్ వాళ్లు ప్లాస్మాతో క్యాటలిస్టును తయారు చేసి, తర్వాత దాన్ని మామూలుగా వాడతారు. సుబ్రహ్మణ్యం గారి పనిలో ఎక్కువ భాగం ప్లాస్మాను, క్యాటలిస్టును ఒకే గొట్టంలో కలిపి, కలుషితమైన గాలిని వాటి మధ్యలోంచి పంపడం.

ఐఐటీకి రాకముందు ఆయన స్విట్జర్లాండ్ లొసాన్‌లోని ఈపీఎఫ్ఎల్‌లో పని చేశారు. అక్కడ కీవీ-మిన్‌స్కర్, రెంకెన్ అనే శాస్త్రవేత్తలతో కలిసి 2006 ప్రాంతంలో ఒక తెలివైన ఏర్పాటు చేశారు. సన్నటి లోహపు పోగులతో అల్లిన జాలీకి మాంగనీస్ లేదా కోబాల్ట్ ఆక్సైడ్ పూసి, ఆ జాలీనే కరెంటు ఇచ్చే ఎలక్ట్రోడ్‌గా వాడారు. అంటే ప్లాస్మా పుట్టించేదీ అదే, క్యాటలిస్టూ అదే. దాంట్లోంచి టోలీన్ ఆవిరి కలిసిన గాలిని పంపితే, బట్టీ అవసరం లేకుండానే టోలీన్ విడిపోయింది. ప్లాస్మాలో ఓజోన్ పుడుతుంది. మాంగనీస్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌ను అక్కడికక్కడే విడగొట్టి, వచ్చిన చురుకైన ఆక్సిజన్‌ను టోలీన్ మీదికి పంపుతుంది. అందుకే మాంగనీస్ పూసిన జాలీ బాగా పని చేసింది.

టోలీన్ అనే పేరు కొత్తగా అనిపించవచ్చు. పెయింట్ షెడ్డులో థిన్నర్ డబ్బా మూత తీయగానే తలకెక్కే ఆ ఘాటులో అది ఉంటుంది. ముఖానికి చేతిరుమాలు కట్టుకుని స్ప్రే కొట్టే కుర్రాళ్లు పొద్దంతా పీల్చేది దాన్నే. చేతిరుమాలు పెయింటు తుంపరను కొంత ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు.

పైగా మాంగనీస్ పల్లాడియంలా ఖరీదైంది కాదు. మన విజయనగరం జిల్లాలోనే దాని గనులు ఉన్నాయి. ప్లాస్మా పరిశోధనలో అందరికన్నా ఉత్సాహం కలిగించే మాట ఇదేనేమో. విదేశాల నుంచి తెచ్చే లోహానికి బదులు ఇంట్లో దొరికే చవక లోహంతో పని జరిపించవచ్చా అని చూడటం.

తార్నాకలోని ఐఐసీటీ సంగతి కూడా ఒక మాట. క్యాటలిస్టుల మీద దేశంలో పేరున్న ల్యాబుల్లో అదొకటి. 1944లో నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యం పెట్టిన సెంట్రల్ లేబొరేటరీస్ నుంచి పెరిగిందది. 1956లో సీఎస్ఐఆర్ కిందికి వెళ్లింది. హైదరాబాద్ రసాయన పరిశ్రమ గురించి మాట్లాడేటప్పుడు ఆ మొదటి ఇటుకను చాలామంది మర్చిపోతారు.

ఇంకా షాపులోకి రాలేదు

ఇంత మంచిదైతే బండ్లలో ఎందుకు లేదు? ఖర్చు, పరిమాణం. ల్యాబులో కొద్ది గ్రాముల పొడికి గాజు గొట్టం చాలు. కంపెనీకి టన్నులు కావాలి. గాలి తోడే పంపులు, ఎక్కువ వోల్టేజీ పరికరాలు, పొడిలో ప్రతి గింజకూ ప్లాస్మా సమానంగా తగిలేలా చూడటం, ఇవన్నీ డబ్బుతో కూడినవి. బట్టీ అయితే ఇప్పటికే ఉంది, ఒకేసారి గుట్టలు గుట్టలుగా కాలుస్తుంది. లోహంలో మిగిలే డబ్బు ప్లాస్మా ఖర్చు కన్నా ఎక్కువైనప్పుడే ఏ ఫ్యాక్టరీ అయినా మారుతుంది. అందుకే గాలి తోడాల్సిన పని లేకుండా, మామూలు గాలి ఒత్తిడిలోనే నడిచే ప్లాస్మా మీద చాలామంది పని చేస్తున్నారు. దాని మూలం కూడా పాతదే. 1857లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్ ఓజోన్ తయారు చేయడానికి అలాంటి గొట్టాన్ని చేశాడు.

కాబట్టి ప్లాస్మా ట్రీట్‌మెంట్‌తో మీ సైలెన్సర్ బాగు చేస్తామని ఎవరైనా షెడ్డులో చెబితే నమ్మాల్సిన పని లేదు. ఇది తయారీలో జరిగే పని, రిపేరులో జరిగేది కాదు. అలాగే ప్లాస్మా అని అట్ట మీద రాసి అమ్మే గాలి శుభ్రపరిచే యంత్రాల దగ్గరా జాగ్రత్త. కొన్ని రకాలు ఓజోన్ వదులుతాయి. ల్యాబు గొట్టంలో ఉపయోగపడే ఓజోన్ పడగ్గదిలో పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఆస్తమా ఉన్న ఇంట్లో అసలే కాదు.

మళ్లీ షెడ్డు దగ్గరికే వద్దాం. జాలీ దానంతట అది మూసుకుపోవడం అరుదు. ఇంజన్ ఆయిల్ కాలి పొగలో కలుస్తున్నా, ప్లగ్ సరిగా కొట్టక పచ్చి ఇంధనం సైలెన్సర్‌లోకి వచ్చి అక్కడ కాలుతున్నా, కల్తీ ఇంధనం పడినా జాలీ పాడవుతుంది. ఆ మూల రోగం సరిచేయకుండా జాలీ ఒక్కటే పీకితే, ఇంజన్ లోపలి జబ్బు అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు అదే పెద్ద బిల్లుగా తిరిగొస్తుంది. కొత్త బండ్లలో సెన్సర్ వెంటనే పసిగట్టి మీటరులో లైటు వెలిగిస్తుంది. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం కాలుష్య ప్రమాణాలు తప్పిన బండి నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అన్నిటికన్నా ముందు, జాలీ లేని ఆటో వదిలే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కడికో పోదు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వెనక సీట్లో కూర్చున్న స్కూలు పిల్లల దగ్గరికీ, నడిపే మనిషి దగ్గరికీ వస్తుంది.

బండి వారంటీలో ఉంటే ముందు షోరూమ్‌లో అడగడం మంచిది. ఎలాగూ మార్చాల్సిందే అని తేలితే పాత జాలీని మాత్రం షెడ్డులో ఊరికే వదిలేయకండి. దాంట్లో మిగిలిన పల్లాడియం, ప్లాటినంల కోసం తుక్కు వ్యాపారులు దాన్ని ఇనుము రేటుకు కాదు, వేరే రేటుకు కొంటారు. వాళ్ల చేతుల్లోంచి అది కరిగించే ఫ్యాక్టరీకి వెళ్తుంది, ఆ లోహం మళ్లీ ఇంకో కొత్త కన్వర్టర్‌లోకి చేరుతుంది. "తీసేస్తే ఫ్రీ అయిపోద్ది" అన్నప్పుడు, తీసింది ఎవరి దగ్గర ఉండిపోతుందో ఒకసారి అడిగి చూడండి.